వగరు ఎరుపు

వైన్లలో నాకు నచ్చేది ఎర్రది. ఎర్రవాటిలోనూ నాలుకను పట్టి లాగేది. తియ్యగా, నునుపుగా గొంతు దిగిపోయే రకాలను మెచ్చే మిత్రులు నాకు చాలామందే ఉన్నారు. వారికి నా అభిరుచి కొంచెం వింతగా తోస్తుంది. గుక్క మింగిన తరువాత చిగుళ్ళు బిగుసుకుని, నాలుక మీద తడి ఆరిపోయి, నోరంతా గరుకు తేలినట్టనిపించే ఆ ద్రవంలో ఏం సుఖం ఉందని అడుగుతారు. ఇంగ్లీషు పుస్తకాలు చదివినవారు అది టానిన్ ప్రభావమని చెప్పి ఊరుకుంటారు. తెలుగులో అంతకంటె పొట్టి మాట, పాత మాట ఒకటి ఉంది. వగరు.

ఉగాది పచ్చడిలో ఆరు రుచులుండాలని మనకు చిన్నప్పటినుంచీ చెబుతారు. వాటిలో అయిదింటిని ఎవరైనా తడుముకోకుండా చెప్పగలరు. ఆరోదాని దగ్గర కాస్త ఆగుతారు. తీపికీ పులుపుకీ పాటలున్నాయి, కారానికి గుంటూరు ఉంది, చేదుకు వేపపువ్వు ఉంది, ఉప్పుకు సముద్రమంత కథ ఉంది. వగరుకు మాత్రం మామిడి పిందె మూలన మిగిలిన కాస్త చోటే దక్కింది. ఆ అనాథ రుచి పక్షాన నాలుగు మాటలు చెప్పాలని ఈ వ్యాసం. తెనాలి, బాపట్ల, రేపల్లె మధ్యనున్న మా నేలలో ఈ వగరుకూ ఎరుపుకూ ఉన్న సంబంధం నేను తాగే గ్లాసుకంటె రెండువేల యేళ్ళు పాతదని నా నమ్మకం. దానికి ఆధారాలు చూపించే ప్రయత్నం చేస్తాను.

ముందుగా ఈ వగరు చేసే పని ఏమిటో చూద్దాం. చెట్టు తన పచ్చికాయనూ బెరడునూ గింజనూ పురుగులనుంచి, పశువులనుంచి కాపాడుకోవడానికి కొన్ని పదార్థాలను తయారుచేసుకుంటుంది. అవి ప్రోటీన్లను పట్టుకుని బిగిస్తాయి. మన లాలాజలంలో నోటిని జారుడుగా ఉంచే ప్రోటీన్లున్నాయి. టానిన్ వాటిని పట్టుకోగానే ఆ జారుడు పోతుంది, నోరు ఎండినట్టవుతుంది. కాబట్టి వగరు నాలుకకు తగిలే రుచి మాత్రమే కాదు, చర్మానికి తెలిసే స్పర్శ కూడా. మన ఊళ్ళలో తంగేడు చెక్కతో, తుమ్మ చెక్కతో, కరక్కాయలతో తోలు పదును చేసేవారే, అక్కడ జరిగేదీ ఇదే. పచ్చితోలులోని ప్రోటీన్లను వగరు బిగించి, కుళ్ళకుండా నిలబెడుతుంది. తోలు పదును చేసే ఓక్ బెరడుకు ఫ్రెంచివాళ్ళు పెట్టుకున్న పాత పేరునుంచే టానిన్ అన్న మాట పుట్టింది.

ద్రాక్షలో ఈ వగరు తొక్కలోనూ గింజలోనూ తొడిమలోనూ ఉంటుంది. గుజ్జులో దాదాపు లేదు. రసం పిండి తొక్క పారేసి పులియబెడితే తెల్ల వైన్ వస్తుంది. తొక్కతో సహా రోజుల తరబడి నాననిస్తే రంగూ వగరూ కలిసి దిగుతాయి. అంటే ఎర్ర వైన్‌లో ఎరుపూ వగరూ ఒకే తొక్కనుంచి వచ్చిన తోబుట్టువులు. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీనితో ముందు ముందు పని ఉంది.

*

మా డెల్టాలో ద్రాక్షతోటలు లేవు. ఇక్కడి మాగాణికి వరి, అరటి, పసుపు, నిమ్మ తెలుసు. అయినా వగరుకు కరువు లేదు. కొల్లూరు వైపునుంచి వచ్చే అరటిగెలల్లో కూరకాయ గెల దించిన రోజున మా ఇంట్లో కత్తిపీట నల్లబడేది. అరటికాయ తరిగేముందు అమ్మ చేతులకు నూనె రాసుకునేది. ఆ నలుపు మురికి కాదని, కాయలోని వగరు కత్తిపీట ఇనుముతో కలిసినప్పుడు పుట్టే సిరా అని నాకు చాలా యేళ్ళ తరువాత తెలిసింది. ముంజ పైపొర ఒలవకుండా తిన్నప్పటి వగరు, నేరేడుపళ్ళు తిని నాలుక చాపి ఒకరికొకరం చూపించుకున్నప్పటి వగరు, దోరజామ వగరు, అరటిపువ్వు వగరు, ఇవన్నీ వేటికవి వేరు.

బాపట్ల ఇసుకనేలల్లో ఇంకొకటి ఉంది. సూర్యలంక దారిలోనూ, అటు వేటపాలెం వైపూ జీడిమామిడి తోటలు కనిపిస్తాయి. బాపట్లలో జీడిమామిడి పరిశోధనా స్థానమే ఉంది. పోర్చుగీసువారు బ్రెజిల్ నుంచి తెచ్చిన ఈ చెట్టు మన తీరపు ఇసుకను తన సొంతం చేసుకుంది. జీడిపప్పు ఊళ్ళు దాటి పోతుంది. ఎర్రగానో పసుపుపచ్చగానో నిగనిగలాడే పండు మాత్రం చాలావరకు చెట్టుకిందే పాడవుతుంది. ఉప్పు అద్దుకుని కొరికితే ముందు తియ్యటి రసం, వెంటనే గొంతు పట్టేసే వగరు. గోవాలో ఆ పండు రసాన్నే పులియబెట్టి, బట్టీ పట్టి ఫెనీ చేస్తారు. మన దగ్గర అది పిల్లల సాహసానికి పరీక్షగా మిగిలింది.

అన్నిటికంటె పెద్దది తాంబూలం. తమలపాకు పచ్చన, సున్నం తెలుపు, వక్క గోధుమరంగు. నమిలాక నోరు ఎర్రన. ఈ ఎరుపు ఎక్కడనుంచి వచ్చిందని మనం అడగం. వక్కలోని వగరు పదార్థాలు సున్నపు క్షారంతో కలిసినప్పుడు ఆ ఎరుపు పుడుతుంది. చండ్రచెక్కనుంచి తీసిన కాచు కలిస్తే రంగు మరీ పండుతుంది. అంటే భోజనం ముగిశాక ప్రతి తెలుగింటిలో నోరు వగరుగా, ఎర్రగా చేసుకోవడం ఒక మర్యాద. పెళ్ళిలోనూ పేరంటంలోనూ, కవిని సత్కరించేటప్పుడూ ఆ మర్యాదే. భోజనానంతరం వగరు ఎరుపు కోరడం దొరల అలవాటని నన్ను ఆక్షేపించేవారికి నా మొదటి జవాబు ఇదే.

*

రెండో జవాబు భాషలో ఉంది. సంస్కృతంలో వగరును కషాయం అంటారు. వగరు చెక్కలనూ వేళ్ళనూ నీళ్ళలో మరిగించి దించిన రసమూ కషాయమే. ఆ కాగులో ముంచి తీసిన బట్ట రంగూ కషాయమే. దానినుంచే కాషాయం వచ్చింది. రుచి, రసం, రంగు మూడింటికీ ఒకే మాట. ద్రాక్షతొక్కలో తోబుట్టువులైన వగరూ ఎరుపూ మన మాటలోనూ తోబుట్టువులే.

ఈ మాట మా నేలమీద కాషాయాంబరాలతో నడిచిన కాలం ఒకటుంది. తెనాలి నుంచి రేపల్లె పోయే రైలు వేమూరు దాటాక భట్టిప్రోలులో ఆగుతుంది. అక్కడి దిబ్బను 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు స్తూపగర్భంలో ధాతుకరండాలు బయటపడ్డాయి. వాటి మీది బ్రాహ్మీ లిపిని పండితులు క్రీస్తుకు పూర్వం రెండు మూడు శతాబ్దాల నాటిదన్నారు. కుబీరకుడనే రాజు పేరు అందులో కనిపిస్తుంది. మన లిపి చరిత్ర చెప్పేవారు ఈ పెట్టెల దగ్గర తప్పకుండా ఆగుతారు. నేను ఆ పెట్టెల కంటె, వాటికి నమస్కరిస్తూ ప్రదక్షిణం చేసినవారి బట్టల గురించి ఆలోచిస్తాను. భిక్షువులు చీవరాలకు ఏ రంగులు వాడవచ్చో వినయపిటకం చెబుతుంది: వేరు, కాండం, బెరడు, ఆకు, పువ్వు, కాయ, ఈ ఆరింటినుంచి తీసినవి. అంతకుముందు పేడతోనూ మట్టితోనూ అద్దుకుని, రంగు నిలవక అవస్థ పడ్డారట. బెరడు కాచిన నీళ్ళలో వగరు ఉంటుంది కాబట్టి రంగు నూలును విడవదు. భట్టిప్రోలు వీథులలో అలా రంగు పట్టిన బట్టలు ఎన్ని ఆరి ఉంటాయో!

ఆ భిక్షువులకు సురామైరేయాలు నిషిద్ధం. అయిదో శీలం అదే. కాని గృహస్థులకు, రాజులకు ఆ నిషేధం లేదు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడనే అధికారిని నియమించి, మద్యాల రకాలను వర్ణించాడు. అందులో మధువు అంటే ద్రాక్షరసంతో చేసినదని స్పష్టంగా ఉంది. కాపిశాయనం, హారహూరకం అని దొరికే చోటును బట్టి పేర్లు. రెండూ వాయవ్య సరిహద్దులనుంచి వచ్చేవి. చరకుడు ఎనభైనాలుగు ఆసవాలను లెక్కపెట్టాడు. ఆ జాబితాలో పళ్ళతోపాటు చెక్కలూ చేవలూ కూడా ఉన్నాయి. భట్టిప్రోలునుంచి కృష్ణ ఎగువకు పోతే నాగార్జునకొండ. ఇక్ష్వాకుల నాటి ఆ నగరపు తవ్వకాలలో దొరికిన ఒక స్తంభం మీద గడ్డం పెంచిన, సగం బట్ట కట్టిన మనిషి కొమ్ముపాత్ర చేతబట్టి నిలబడ్డాడు. పక్కన మద్యభాండం ఉంది. చూసినవారికి గ్రీకుల డయొనీసస్ గుర్తుకు రాక మానడు. యవనుల సరుకుతోపాటు యవనుల దేవుడి పోలిక కూడా కృష్ణా లోయ ఎక్కి వచ్చిందన్నమాట.

ఆయుర్వేద దుకాణంలో ఈనాటికీ దొరికే ద్రాక్షాసవం, ద్రాక్షారిష్టం ఆ పాత సంప్రదాయపు కొనసాగింపే. ఎండుద్రాక్షనూ బెల్లాన్నీ ధాతకీ పుష్పాలతో కలిపి పులియబెడతారు. ఆ పువ్వులు వగరు. సీసా మీద స్వయంగా పుట్టిన ఆల్కహాలు ఉందని రాసి ఉంటుంది. అజీర్ణానికి రెండు చెంచాలు తాగే మా బంధువులెవరూ అది వైన్‌కు పినతండ్రి కొడుకని ఒప్పుకోరు.

*

ఇక మూడో జవాబు. నా దృష్టిలో అన్నిటికంటె గట్టిది, రేపల్లెకు దిగువన, సముద్రపు ఒడ్డున ఉన్నది. నిజాంపట్నం.

ఇప్పుడది చేపల రేవు. పదిహేడో శతాబ్దపు ఐరోపా వర్తకుల పుస్తకాలలో దాని పేరు పెట్టపోలి. 1606లో డచ్చివారు అక్కడ వర్తకస్థానం పెట్టారు. 1611 ఆగస్టులో ఆంథొనీ హిప్పన్ నాయకత్వాన గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ ముందు అక్కడికి, అక్కడినుంచి మచిలీపట్నానికి వచ్చింది. తూర్పుతీరంలో ఇంగ్లీషు కంపెనీ కథ మొదలైంది అక్కడే. మద్రాసు కోటకు అప్పటికి పునాది కూడా లేదు. వాళ్ళను అంత దూరం రప్పించిన సరుకులలో ముఖ్యమైనది బట్ట. మలుకు దీవులలో లవంగం, జాజికాయ కొనాలంటే వెండికంటె కోరమాండలు బట్ట బాగా చెల్లేది. ఆ బట్టల్లోనూ నిజాంపట్నం పరిసరాల ఎరుపుకు ప్రత్యేకమైన పేరు.

ఆ ఎరుపు చిరివేరుది. తీరపు ఇసుకలో పెరిగే చిన్న మొక్క. దాని వేరు సన్నగా, పొడుగ్గా నేలలోకి దిగుతుంది. కాని వేరును ఉట్టినే నీళ్ళలో కాచి బట్ట ముంచితే రంగు నాలుగు ఉతుకుల్లో పోతుంది. నూలుకు రంగును పట్టుకునే శక్తి తక్కువ. అందుకని ముందుగా బట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరవేసేవారు. కరక్కాయ వగరు నూలులో దిగుతుంది. పాలలోని కొవ్వు తరువాత వేసే మందు పక్కకు పాకకుండా ఆపుతుంది. ఎరుపు రావలసిన చోట పటికనీళ్ళు రాస్తారు. నలుపు కావలసిన చోట ఇనుపతుక్కు, బెల్లం నానవేసిన నీళ్ళతో గీస్తారు. అక్కడ వగరూ ఇనుమూ కలిసి నల్లబడతాయి, మా అమ్మ కత్తిపీట మీద జరిగినట్టే. చివరకు చిరివేరు కాగులో ఉడికిస్తే పటిక తగిలిన చోటనే ఎరుపు నిలుస్తుంది, బట్ట చిరిగినా రంగు పోదు.

ఈ పనితనాన్ని ఐరోపావారు చాలా కాలం అర్థం చేసుకోలేకపోయారు. పుదుచ్చేరిలో ఉన్న ఫ్రెంచి జెసూట్ కేర్దూ 1742లో అద్దకపువారిని అడిగి తెలుసుకుని, మెట్టు మెట్టుగా ఒక లేఖలో రాసి పంపాడు. కరక్కాయనూ గేదెపాలనూ ఆయన వదలలేదు. ఈయన తెలుగు నేర్చినవాడు. సంస్కృతానికీ గ్రీకు, లాటిన్లకూ చుట్టరికం ఉందని విలియం జోన్సు కంటె ముందే, 1767లో, పారిస్ పండితులకు రాసినవాడు. మన వగరు ఎరుపు రహస్యం ఒక తెలుగు విద్యార్థి చేతిమీదుగానే ఫ్రాన్సు చేరడం నాకు ముచ్చటగా ఉంటుంది.

కాబట్టి చరిత్రలో మా తీరానికి వచ్చిన ఓడలు వట్టిచేతులతో రాలేదు, వట్టిచేతులతో పోలేదు. వచ్చేటప్పుడు నావికుల కోసం పీపాల్లో స్పెయిను వైన్ తెచ్చుకున్నాయి. షీరాజులో కంపెనీలవారు చేయించుకున్న వైన్ పర్షియా రేవులనుంచి ఇండియాకు వచ్చేది. పోయేటప్పుడు ఆ ఓడలే కరక్కాయ వగరు పట్టిన ఎర్రబట్టలను మోసుకుపోయాయి. ఒక వగరు ఎరుపు దిగింది, ఒక వగరు ఎరుపు ఎక్కింది. దిగినది కంపెనీ గోడలలోపలే ఉండిపోయింది. ఎక్కినది లోకం చుట్టింది. 1868లో జర్మనీలో గ్రేబే, లీబర్మాన్ అనే రసాయన శాస్త్రవేత్తలు అలిజరిన్‌ను కృత్రిమంగా తయారుచేశారు. చిరివేరులో ఎరుపునిచ్చేదీ ఆ పదార్థమే. తరువాతి దశాబ్దాలలో ఇసుకలో వేరు తవ్వి బతికేవారి బతుకు ఆగిపోయింది. కలంకారీ నిలిచింది కాని, చిరివేరు మాట ఇప్పుడు నిఘంటువు తెరిస్తే తప్ప వినపడదు.

*

ఇంత వగరు వారసత్వం ఉన్న నేలలో తాగడాన్ని రుచిగా చూసే అలవాటు ఎందుకు రాలేదు? దీనికి జవాబు సరదా విషయం కాదు.

మనకు తాగుడు ఎప్పుడూ ఖజానా వ్యవహారంగానే వచ్చింది. గోల్కొండ నాటి భాగ్యనగరంలో రోజుకు ఐదారువందల గుర్రాల మీద తోలుతిత్తులలో కల్లు వచ్చేదని, దాని పన్నుతో రాజుకు గొప్ప ఆదాయమని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాశాడు. ఇంగ్లీషువారు దానికి ఆబ్కారీ అని పేరు పెట్టి వేలంపాటలు కట్టారు. 1921లో సహాయనిరాకరణ వచ్చినప్పుడు కల్లుపాటలను బహిష్కరించడం దేశసేవ అయింది. మద్రాసు ప్రభుత్వం 1937లో సేలం జిల్లాతో మొదలుపెట్టిన మద్యనిషేధం 1948 అక్టోబరు 2 నాటికి రాష్ట్రమంతా వ్యాపించింది. తాటిచెట్టెక్కి బతికే కుటుంబాలకు ఆ రోజుతో మోకు, ముస్తాదు అటకెక్కాయి. గీతపనివారి పక్షాన గౌతు లచ్చన్న ఉద్యమం నడిపారు. రామమూర్తి కమిటీ నిషేధం ఎత్తివేయమంది. ప్రకాశం పంతులు ప్రభుత్వం ఆ సిఫారసు అమలు చేయకపోవడం మీద అవిశ్వాస తీర్మానం వచ్చి, 1954 నవంబరు 6న ఒక్క ఓటు తేడాతో మంత్రివర్గం కూలింది. ఆంధ్ర రాష్ట్రపు తొలి ప్రభుత్వం కల్లుకుండ తగిలి పడిందని చెబితే పిల్లలు నవ్వుతారు. అది నవ్వవలసిన విషయం కాదు.

సారా కథ ఇంకా చేదు. పాతకాలపు సారాబట్టీలో బెల్లం ఊటలో తెల్లతుమ్మ చెక్క వేసేవారు. దాని వగరు ఊటలోని మడ్డిని పట్టి అడుగుకు దింపుతుంది. కాని బట్టీ పట్టినప్పుడు వగరు ఆవిరితో పైకి రాదు, కుండలోనే మిగిలిపోతుంది. నోరు వగరు తేలితే మనిషి ఆగి ఆగి తాగుతాడు. సారాలో ఆ ఆపే గుణమే లేదు. మా వీథిలో సారా తిన్న ఇళ్ళను నేను చూశాను. కూలి డబ్బు చేతికి రాని ఆడవాళ్ళు శనివారం సాయంత్రాలు అరుగుల మీద ఎదురుచూడడం చూశాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1నుంచి సారాను ఆపించింది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో పోయింది. 2019లో దుకాణాలు ప్రభుత్వం చేతికి వచ్చి, 2024 అక్టోబరులో తిరిగి ప్రైవేటు చేతికి పోయాయి. ఇన్ని మలుపుల్లోనూ లెక్కకు వచ్చింది రాబడి, ఓట్లు, కన్నీళ్ళు. రుచి అన్న మాటకు ఎక్కడా చోటు లేదు.

అందుకే మన బజారులో ఒక వింత మిగిలింది. ప్రతి మద్యం దుకాణానికీ వైన్స్ అని బోర్డు. లోపల వైన్ అడిగితే కొట్టువాడు మన మొహం ఎగాదిగా చూసి, పై అరలో దుమ్ము పట్టిన సీసా ఒకటి తీస్తాడు. తెనాలిని ఆంధ్రా పారిస్ అంటాం కదా. ఆ పారిస్‌కు నాటకాలు వచ్చాయి, కథలు వచ్చాయి, మూడు కాలువలు వచ్చాయి, వాదోపవాదాలు వచ్చాయి. వైన్ మాత్రం బోర్డుదాకా వచ్చి ఆగింది.

మా అమ్మ ఆ అరుగులమీది ఆడవాళ్ళను ఎరిగినది. ఆమె ముందు నేను వైన్ గొప్పలు చెప్పను. తెనాలి ఇంట్లో ఈనాటికీ సీసా తెరవను. అది భయం అనుకోను. కొన్ని ఇళ్ళలో కొన్ని రుచులకు చరిత్ర అడ్డు నిలబడుతుంది, దాన్ని దాటవలసిన అవసరం నాకు కనిపించదు.

*

నేను తాగేది పొరుగూళ్ళలో ఉన్నప్పుడు, నెలకు ఒకటి రెండుసార్లు, భోజనంతోపాటు ఒక గ్లాసు. బెంగుళూరు పక్కన నందికొండల కిందా, నాసిక్ చుట్టుపక్కలా ఇప్పుడు మంచి కాబర్నే సావిన్యోఁ, షిరాజ్ పండుతున్నాయి. ఈ షిరాజ్ పేరు చూసి నేనూ మొదట పర్షియా ద్రాక్ష కాబోలనుకునేవాణ్ణి, చాలామంది అనుకుంటారు. జన్యుపరీక్షలు దాని తల్లిదండ్రులు ఇద్దరూ ఫ్రాన్సువారేనని తేల్చాయి. ఇటలీలో నెబ్బియోలో ద్రాక్షతో చేసే బరోలోను కనీసం మూడేళ్ళు దాటి నిలవ ఉంచనిదే అమ్మకూడదని నియమం. అంత వగరు మెత్తబడడానికి ఆ మాత్రం కాలం కావాలి. ఫ్రాన్సు నైరుతిమూల మదిరాన్ అనే ఊరుంది. పేరు వినగానే మనకు మదిర తలపుకు వస్తుంది. చుట్టరికం ఏమీ లేదు. అక్కడి ద్రాక్ష తన్నా. పేరులోనే టానిన్ వినిపించే ఆ ద్రాక్ష వైన్ నోట్లో పోసుకుంటే తోలు పదును చేసే తొట్టి గుర్తుకొస్తుంది. నాకు అదే ఇష్టం.

మన భోజనంతో ఇది కుదురుతుందా అని అడుగుతారు. గుంటూరు కారంతో కుదరదు. మిరపమంటా వగరూ ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి. గోంగూర పులుపుతోనూ కుదరదు. వగరుకు కావలసింది పట్టుకోవడానికి ప్రోటీను, మెత్తబరచడానికి కొవ్వు. నా అనుభవంలో వేడి అన్నం, ముద్దపప్పు, చేరెడు నెయ్యి ముందు ఏ మాంసపు వంటకమూ నిలబడలేదు. ఫ్రెంచివాడు వింటే మూర్ఛపోతాడేమో. మీరు తాగేవారైతే ఒకసారి చూడండి. తాగనివారైతే ముద్దపప్పు ఒక్కటే చాలు, నష్టం లేదు. వక్కనూ మద్యాన్నీ రెంటినీ అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ కేన్సరు కారకాలలో మొదటి వర్గంలోనే చేర్చింది కనుక, మొదలుపెట్టమని నేనెవరికీ చెప్పను.

నేను చెప్పదలచింది ఒక్కటే. వైన్ గురించి రాసేవారు వగరును వర్ణించడానికి పట్టు, మఖమలు, ఇసుక, సుద్ద అని పోలికలు వెతుక్కుంటారు. మనకు ఆ శ్రమ లేదు. లేత షిరాజ్‌ది నేరేడు వగరు: కాసేపు పట్టి, తీపి విడిచి పోతుంది. ముదిరిన బరోలోది వక్క వగరు: నములుతున్న కొద్దీ ఊరుతుంది. మదిరాన్‌ది కరక్కాయ వగరు: మింగాక మంచినీళ్ళు తాగితే తియ్యగా ఉంటుంది. పండని ద్రాక్షతో, తొడిమలు తీయకుండా హడావిడిగా చేసినదానిది జీడిమామిడి వగరు: గొంతు పడుతుంది, వదలదు. మామిడి పిందె వగరు వేరు, అరటిదూట వగరు వేరు. ఇన్ని వగరులను వేరు వేరుగా ఎరిగిన నాలుకకు పరాయి పదాలు అరువు తెచ్చుకోవలసిన అగత్యం ఏముంది?

వైన్ మనది కాకపోవచ్చు. వగరు మనది. భట్టిప్రోలు చీవరాల్లో ఉన్నది, నిజాంపట్నం ఓడలెక్కినది, తాంబూలంలో పండినది అదే. మీ ఊరివైపు వగరుకు ఇంకా ఏ పేర్లున్నాయో, ఏ కాయను తలచుకుంటే మీ చిగుళ్ళు బిగుస్తాయో రాయండి. ఒగరు అనేవారున్నారని తెలుసు. ఇంకా ఉంటాయి. ఆ మాటలు కూడా చిరివేరులాగా నిఘంటువులోకి వెళ్ళిపోకముందే పోగు చేసుకుందాం.